మూడు దారుల దగ్గర మూట

"కత్తెర అక్కడ పెట్టత్తా," అంది వీరదుర్గ.

బుల్లెమ్మ పెట్టలేదు. ఆవపిండి రంగు చున్నీని వంటింటి గట్టు మీద పరిచి అప్పటికే సగం దాకా కోసేసింది. మంచి గుడ్డ. కోస్తుంటే చప్పుడు కూడా మెత్తగానే వస్తోంది.

"అది నా చున్నీ."

"నీదా? ఇప్పుడది ఊరందరిదీనే. ఫోనున్న ప్రతోడి సేతిలోనూ ఉంది. పీలికలు సేసి చెత్తలో కలపకపోతే మన ముగ్గురి మెడకీ సుట్టుకుంటది."

సాయిబాబు గుమ్మానికి ఆనుకుని ఫోను చూస్తున్నాడు. మంగళవారం నుంచీ అతను ఆ ఒక్క ఫోటోనే చూస్తున్నాడు. చూసినప్పుడల్లా అందులో భార్య మొహం ఎక్కడైనా కనపడుతుందేమోనని వెతుకుతున్నాడు. కనపడదు. వీధి కెమెరా తీసిన మసక బొమ్మ అది. హోటళ్లుండే జుఫైర్‌లో మూడు రోడ్లు కలిసేచోట దీపస్తంభం మొదట్లో ఒక నల్లటి మూట. దానికి పదడుగుల అవతల, తల మీద పసుపు చున్నీ కప్పుకుని వెళ్లిపోతున్న ఆడమనిషి వీపు. అంతే.

"తెలుగోళ్ల గ్రూపులోకి కూడా వచ్చేసింది," అన్నాడు. "ఎవడో రాశాడు. వీడియో మొత్తం చూశాడంట. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు, అదేం గుండె నిబ్బరమో అని. కింద నలభై మంది మాటలు. ఉరి తియ్యాలని ఒకడు."

"వెనక్కెలా తిరుగుతాను బావా? తిరగకూడదు కదా."

దుర్గ ఆ మాట మామూలుగానే అంది. బియ్యం కడుగుతూ అంది. ఎవరూ నవ్వలేదు.

"ఆ సంగతి వాళ్లకేం తెలుసే?" సాయిబాబు గొంతు లేచింది. "నువ్వు మూట పెట్టావు. గబగబా నడిచావు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఎదురొచ్చిన మనిషి పలకరిస్తే మొహం తిప్పుకున్నావు. బాంబు పెట్టేవాళ్లు ఇంకెలా నడుస్తారు?"

"దిష్టి తీసినోళ్లూ అలాగే నడుస్తారు."

"ఇది మన లంక ఊరు కాదు!"

"నెమ్మది," అంది బుల్లెమ్మ. "గోడలు దళసరి కావు."

ముగ్గురూ ఒక్కసారి ఆగి విన్నారు. పక్క ఫ్లాట్లో టీవీ మోగుతోంది. పైన ఎవరో కుర్చీ జరిపారు. మహూజ్‌లో వాళ్లుండే ఆ పాత భవనంలో మంగళవారం నుంచీ ప్రతి తలుపు మీదా ఒక కాగితం అంటించి ఉంది. గుమ్మం బయట సంచులు గాని, డబ్బాలు గాని, మూటలు గాని ఉంచరాదు. మూటలు అన్న మాట కింద గీత గీశారు.

బుల్లెమ్మ సాయిబాబుకి పిన్ని. ఇరవై రెండేళ్లుగా ఈ గల్ఫు దేశంలో ఇళ్లల్లో వంట చేస్తోంది. ముందు అతన్ని తీసుకొచ్చింది ఆవిడే. తర్వాత దుర్గకి వీసా తెప్పించిందీ ఆవిడే. ఆ వీసా మీద ఉన్న ఇల్లు వేరు, దుర్గ పని చేసే ఇళ్లు వేరు. పట్టించుకునేవాళ్లు లేనంత కాలం అందులో భయమేమీ లేదు.

"అసలు నువ్వు నేర్పబట్టే కదా పిన్నీ ఇదంతా," అన్నాడు సాయిబాబు.

"నేనా? హోటల్ లాండ్రీలో సూపర్‌వైజర్నయ్యానని టై కట్టుకుని ఫోటో పెట్టింది ఎవడ్రా? పెట్టిన వారానికి ఇస్త్రీ ఆవిరికి సెయ్యి కాలింది. ఆ పై వారం ట్రాలీ కాలి మీద పడింది. తర్వాత జొరం. ఊరోళ్ల కళ్లు ఊరికే పోతాయా? నేనేమన్నాను? నాలుగు మిరపకాయలు తిప్పి పొయ్యిలో పడెయ్యవే అన్నాను."

"పడేశాను కదత్తా. ఏమైంది?"

ఏమైందో ముగ్గురికీ తెలుసు. పోయిన నెల దుర్గ గ్యాసు మంట మీద ఎండుమిరపకాయలు వేసింది. వంటింటి పైకప్పుకి బిగించిన పొగ గంట గణగణా మోగింది. పదకొండు అంతస్తుల జనం పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగారు. ఇంకోసారి మోగిస్తే ఇల్లు ఖాళీ చేయాల్సి ఉంటుందని మేనేజరు కాగితం పంపాడు.

అందుకే బుల్లెమ్మ రెండో పద్ధతి చెప్పింది. నల్లగుడ్డలో ఉప్పు, ఆవాలు, ఎండుమిరపకాయలు, మేకులు గుచ్చిన నిమ్మకాయ. మనిషి నిద్రలో ఉండగా చుట్టూ తిప్పి మూట కట్టి, మూడు దారుల కూడలిలో వదిలేయాలి. మూట కట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునే దాకా మాట్లాడకూడదు. వెనక్కి చూడకూడదు.

"మేకులెందుకే అన్నన్ని?" సాయిబాబు మళ్లీ అందుకున్నాడు. "ఎక్స్‌రేలో చూసి అవే పెద్దవి చేసి చెప్పారంట."

"ఇనుం ఉండాలంది అత్త."

"ఒకటి చాలదా?"

"ఎన్నో చెప్పలేదు. డబ్బాలో ఉన్నవి గుచ్చాను."

"పోనీ ఆ వైరు! ఛార్జరు వైరుతో ఎవరైనా మూట కడతారా? దారం లేకపోతే పిన్ని పక్క గదిలోనే ఉంది కదా, అడగొచ్చు కదా!"

దుర్గ గిన్నెలోంచి చెయ్యి తీసింది. "మాట్లాడకూడదు కదా బావా. గుడ్డ ముడేసేటప్పటికి దారం లేదని తెలిసింది. నోరు తెరవకూడదు. మూట వదలకూడదు. చేతికందింది ఆ ఛార్జరు వైరే."

సాయిబాబు కట్టు కట్టిన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ మూట కోసం నాలుగు గంటలు రోడ్లు మూశారు. హోటళ్లు ఖాళీ చేయించారు. స్నానపు తువ్వాళ్లతో బయటికొచ్చిన పెద్దమనుషులు ఎండలో కాలు మార్చి కాలు వేస్తూ నిలబడ్డారు. చిన్న బండిలాంటి యంత్రం ఒకటి మెల్లగా దొర్లుకుంటూ వెళ్లి, మూటని దూరం నుంచే పేల్చేసింది. సాయిబాబు లాండ్రీ కుర్రాళ్లతో కలిసి ఆ గుంపులోనే ఉన్నాడు. ఆ మూటలో ఉన్నది తన దిష్టేనని అప్పుడు అతనికి తెలియదు. ఇంటికి వచ్చాక, తలుపు గడియ పెట్టాక, దుర్గ చెప్పింది.

"ఒరేయ్ సాయీ," బుల్లెమ్మ కత్తెర ఆపింది. "ఒక మాట సెప్పు. అది పేలినప్పుడు ఘాటొచ్చిందా?"

"ఏం ఘాటు?"

"మిరపకాయల ఘాటు. నలుగురికీ దగ్గొచ్చిందా?"

"దగ్గా? ఊపిరాడలేదు పిన్నీ! విషవాయువన్నారు. ముసుగులేసుకుని పరిగెత్తారు. ఇద్దర్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. సాయంత్రానికి ఏం లేదని పంపేశార్లే. ఎందుకు?"

బుల్లెమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఘాటొస్తే దిష్టి లేనట్టురా. నిజంగా దిష్టుంటే మిరపకాయ మాడినా దగ్గు రాదు."

కుళాయిలోంచి నీళ్లు పడుతూనే ఉన్నాయి. దుర్గ కట్టేయలేదు.

లేని దాన్ని మూట కట్టి తీసుకెళ్లి పెట్టిందన్నమాట. అయితే మంగళవారం నుంచీ తన వెనకాల నడుస్తున్నదేమిటి?

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఇంటికి వచ్చేసరికి భవనం ట్యాంకులో నీళ్లు లేవు. కాళ్లు కడుక్కోకుండానే గడప దాటింది. అప్పటినుంచి మెట్లెక్కుతుంటే వెనక ఇంకో జత అడుగులు. బజారులో నడుస్తుంటే వీపు మీద ఎవరిదో చూపు. ఆమె వెనక్కి తిరగడం మానేసింది. ఎవరైనా పిలిస్తే పక్కకి జరిగి, గోడకి వీపు ఆనించి, అప్పుడు చూస్తోంది. ఇంట్లో కూడా అంతే.

"పోన్లెండి," అంది చివరికి కుళాయి కట్టేస్తూ. "నాలుగు రోజులైతే అందరూ మర్చిపోతారు. ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

సాయిబాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"బావా, ఎవరికీ ఏమీ కాలేదు కదా?"

"ఆఁ," అన్నాడు. తలుపు వైపు చూస్తూ అన్నాడు.

అప్పుడే ఎవరో తలుపు తట్టారు.

* * *

బుల్లెమ్మ చున్నీని ఉండచుట్టి, గట్టు కింద బట్టల బకెట్లో కుక్కింది. పైన రెండు తడి తువ్వాళ్లు పడేసింది. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న చేతులు. ఒక్క క్షణం పట్టలేదు.

మళ్లీ తట్టారు. గట్టిగా కాదు. రెండే దెబ్బలు. అవతలివాళ్లకి ఇబ్బందేమో అన్నట్టు.

"సాయన్నా, నేను. గంగన్నను."

సాయిబాబు కళ్లు మూసుకున్నాడు. పోలీసులు కాదని తెలిసి మూసుకున్నట్టు లేదు. పోలీసులే వచ్చి ఉంటే బాగుండేదన్నట్టుంది. దుర్గ అది చూసింది.

లోపలికొచ్చినతనికి యాభై ఏళ్లుంటాయి. మనిషి సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. శుక్రవారం కాబట్టి ఉతికిన చొక్కా వేసుకున్నాడు గాని మెడ మీద సిమెంటు బూడిద పోలేదు. చెప్పులు బయట విడిచి, అవి గుమ్మానికి అడ్డం పడ్డాయేమోనని మళ్లీ వంగి సర్దాడు.

"శనార్తులమ్మా," చేతులు జోడించి అన్నాడు బుల్లెమ్మతో. "జగిత్యాల దిక్కు మాది. హిద్ కాడ లేబర్ క్యాంపుల ఉంటం. సాయన్న పనిజేసే హోటల్ ఎన్క సందుల మా తమ్ముడు స్వామి ఊడుస్తడు. నా చిన్నాయన కొడుకు."

"కూర్చో బాబూ," అంది బుల్లెమ్మ.

కూర్చోలేదు. సాయిబాబునే చూస్తున్నాడు. "ఏమన్న తెలిసిందా అన్నా? నిన్న ఫోన్జేస్తే డ్యూటీల ఉన్న అన్నవు. మొన్న గూడ గట్లనే అన్నవు. అందుకే వచ్చిన."

నిన్న. మొన్న. దుర్గ ఆ రెండు మాటలూ విని మొగుడి వైపు తిరిగింది. అతను తలెత్తలేదు.

"ఏమైంది మీ తమ్ముడికి?" అని అడిగింది.

"నీకు చెప్పలేదా అమ్మా సాయన్న? స్వామిని పట్టుకవోయిన్రు. మంగళారం పొద్దుగాలనే."

"ఎందుకు?"

"గా మూట కాడ." గంగన్న కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మావోడు దాన్ని ముట్టలే. కనీసం దగ్గరికి గూడ వోలే. గదే తప్పయింది. ఊడ్సుకుంట ఊడ్సుకుంట అక్కడిదాక వచ్చిండు. మూట జూసిండు. జూసి ఆగిపోయిండు. నల్లగుడ్డ, మూడు బాటల నడుమ. మనకు తెల్వదా అమ్మా అదేందో? చీపురు ఎత్తిపట్టుకొని, దూరంకెల్లి సుట్టు తిరిగి పోయిండు. మూడుసార్లు ఉమ్మిండట. కెమెరల అన్నీ పడ్డయి."

"అయితే?"

"అయితే అదే అడుగుతున్రు. చెత్త ఊడ్చేటోనివి, చెత్తమూట కనవడితే ఎత్తి బండ్లెయ్యాలె గదా. నువ్వెందుకు ఎత్తలే? ఎందుకు సుట్టు తిరిగినవు? అంటే అందుల ఏమున్నదో నీకు ముందుగాలనే ఎరుక. పెట్టినామె నీకు ఎరుక. ఆమె పేరు జెప్పు."

గదిలో ఏసీ గరగరమంటోంది.

"చెప్పొచ్చు కదా, దిష్టి మూటని," అంది బుల్లెమ్మ మెల్లగా.

"ఏ భాషల చెప్పాలమ్మా? వచ్చి ఏడు నెలలాయె. అరబ్బీల యల్లా అంటె పద, ఖలాస్ అంటె అయిపోయింది, గంతే ఎరుక. హిందీల నీళ్లు, బువ్వ, గంతే. దిష్టిని హిందీల ఏమంటరు? నాకే రాదు. వాడు వాళ్ల ముందట చేతులు తలకాయ సుట్టు తిప్పి తిప్పి చూపిచ్చిండట. వాళ్లు దాన్ని ఇంకోతీర్గ అర్థం చేసుకున్రు."

"కొట్టారా?" అంది దుర్గ.

"కొట్టలేదట. అడుగుడే. అడిగిందే అడుగుడు. కంపెనోళ్లు మాత్రం మాకు ఈ లొల్లి వద్దన్నరు. ఆదివారం దాక చూస్తరట. ఆమె దొరుకకపోతే, వీనికి సంబంధం లేదని ఎవలు జెప్పకపోతే, సంతకం పెట్టిచ్చుకొని ఇంటికి పంపుతరట. పంపితె పంపిరి. కాని ఏమని పంపుతరు? బాంబు కేసుల దొరికినోడని. ఇగ వానికి ఏ దేశం వీసా ఇస్తది? ఊర్ల ఎట్ల తిరుగుతడు?"

బుల్లెమ్మ లేచింది. "ముందు అన్నం తిను. పొద్దుటేల ఎప్పుడనగా బయల్దేరావో."

వద్దన్నాడు. వద్దంటూనే ఉండగా దుర్గ పళ్లెం పెట్టింది. చేతులకేదో పని కావాలి. అన్నం, పప్పుచారు, దొండకాయ వేపుడు. పప్పుచారు తాలింపులో ఎండుమిరపకాయ లేదు. ఇంట్లో ఉన్నవన్నీ మంగళవారం మూటలోకి వెళ్లిపోయాయి.

గంగన్న నేల మీద కూర్చుని తిన్నాడు. ఆకలి మీదున్న మనిషి తిన్నట్టు, తల ఎత్తకుండా తిన్నాడు. తింటూ చెప్పాడు.

"సాయన్నంటే వానికి బాగ ఇది. లాండ్రీ తలుపు కాడ సల్లటి నీళ్లు పట్టుకోనిస్తవట. చాయి గూడ పోస్తవట. ఆంధ్రాయన ఒకాయన ఉన్నడు, దేవునసొంటోడు అని ఫోన్ల రోజు చెప్పేటోడు. అందుకే నీ కాడికి వచ్చిన. మీ హోటల్ సెక్యూరిటీ పెద్దాయనకు నువ్వు ఎరుకేనట గదా. ఇంగిలీషు వస్తది నీకు. మన దిక్కు ఇట్ల ఉంటది, ఇది బాంబు గాదు, దిగదుడుపు అని జెర సమజ్ జెయ్యి అన్నా. గంతే."

"చెప్తాను," అన్నాడు సాయిబాబు.

"గదే మొన్న గూడ అన్నవు."

అందులో నిష్ఠూరం లేదు. ఊరికే గుర్తు చేశాడు. సాయిబాబు మొహం నల్లబడింది.

"చెప్తే నమ్ముతారా?" అన్నాడు. "మూటలో మేకులున్నాయంట. వైరుందంట."

"ఆ వైరే కొంప ముంచింది. తెల్ల వైరట, ఫోన్ ఛార్జర్‌ది. ఎవలు తల్లో, పిల్లలకు పానం బాగలేక తీసి ఉంటది. దారం దొరకలేదో ఏమో." గంగన్న పళ్లెంలో వేలితో మెతుకులు దగ్గరికి లాక్కున్నాడు. "నేను ఆమెను తిట్టను. మా చిన్నవ్వ కనకవ్వ, స్వామోళ్ల అవ్వ, ఆమె గూడ తిడతలేదు. ఇను."

ఎడమచేత్తో ఫోను తీసి, నిన్న వచ్చిన మాటలు వినిపించాడు. దూరంగా కోళ్లు అరుస్తున్నాయి. ముసలి గొంతు ఆగి ఆగి పలికింది.

"గంగన్నా, బిడ్డా... వాళ్లకు జెప్పు. తప్పు నాదని జెప్పు. చిన్నప్పుడు వాడు బడికి వోతుంటె తొవ్వల దిష్టి మూట దాటిండు. పదిహేను దినాలు జరం. సస్తడనుకున్న. అప్పుడు నేనే జెప్పిన. కొడుకా, ఎక్కడ కనబడ్డ దాటకు, ముట్టకు, సుట్టు తిరిగి పో, మూడుసార్లు ఉమ్ము అని. అది వాని తెలివి గాదు, నా మాట. దుబాయిల గూడ అవ్వ మాట యాదుంచుకున్నడు పోరడు... నన్ను తీస్కపొమ్మను. నేను జెప్త వాళ్లకు."

ఫోను ఆగిపోయింది. తెర మీద ఎర్రటి గీత వెలిగి ఆరింది.

"ఛార్జింగ్ లేదు," అన్నాడు గంగన్న. పళ్లెంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. "జెర సేపు పెట్టుకుంట. చిన్నవ్వ మల్ల జేస్తది. ఎత్తకపోతే ఆగమైతది."

గోడకున్న ప్లగ్గు దగ్గరికి నడిచాడు.

ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. కదలాలన్న ఆలోచన వచ్చేసరికే ఆలస్యమైపోయింది.

ప్లగ్గులో ఛార్జరు ఉంది. తెల్లటి డబ్బీ మాత్రమే. దానికి వైరు లేదు. మంగళవారం నుంచీ అందరూ బుల్లెమ్మ గదిలోని ఛార్జరే వాడుతున్నారు. ఇది తీసి పారేయాలని ఎవరికీ తోచలేదు. చున్నీని సగం దాకా కోశారు గాని దీన్ని మర్చిపోయారు.

గంగన్న దాని ముందు నిలబడ్డాడు. వేలు పెట్టి, వైరు దూర్చే చిన్న కన్నాన్ని తడిమాడు. తర్వాత అతని చూపు వంటింటి అరల మీదికి వెళ్లింది. ఉప్పు డబ్బా ఉంది. పోపుల డబ్బా మూత తీసే ఉంది. ఎండుమిరపకాయల అర ఖాళీ. అక్కణ్నుంచి సాయిబాబు చేతికున్న కట్టు మీదికి. అక్కడ కాస్త సేపు ఆగింది.

దుర్గ వైపు చూడలేదు. అందర్నీ చూశాడు, అన్నిటినీ చూశాడు. ఆమెను తప్ప.

"నా గదిలో ఉంది బాబూ, తెత్తానుండు," అంది బుల్లెమ్మ.

"వద్దులే అమ్మా. క్యాంపుల పెట్టుకుంట." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "అన్నం మంచిగ పెట్టిన్రు. సల్లగుండున్రి."

"గంగన్నా, నేను రేపు తప్పకుండా..." అన్నాడు సాయిబాబు.

"నీ చెయ్యి ఎట్లుందన్నా?"

"తగ్గింది."

"తగ్గాలె," అన్నాడు గంగన్న. చెప్పులు వేసుకుని మెట్ల వైపు తిరిగాడు.

* * *

తలుపు మూయగానే బుల్లెమ్మ కిటికీ దగ్గరికి పరిగెత్తింది. మూడో అంతస్తు నుంచి సందు మొత్తం కనిపిస్తుంది.

"పోల్చేశాడంటావా?"

"పోల్చలేదు," అన్నాడు సాయిబాబు. "పోలిస్తే అడిగేవాడు. గొడవ చేసేవాడు."

"సూద్దాం. వెనక్కి తిరిగి మన కిటికీ వంక సూశాడంటే పోల్చినట్టే."

గంగన్న మెట్ల గదిలోంచి ఎండలోకి వచ్చాడు. కండువా నెత్తిన వేసుకున్నాడు. చెత్తడబ్బాల పక్కనుంచి, ఆగి ఉన్న కార్ల పక్కనుంచి నిదానంగా నడుస్తున్నాడు.

"సూళ్లేదు," అంది బుల్లెమ్మ. ఊపిరి వదిలింది. "అమ్మయ్య. సూళ్లేదు."

దుర్గ గోడకి వీపు ఆనించి నిలబడి, వాళ్లిద్దరి భుజాల మధ్య నుంచి చూస్తోంది.

సందు మొదట్లో పిల్లి అరిస్తే మనిషి తల తిప్పుతాడు. కారు హారన్ కొడితే తిప్పుతాడు. గంగన్న వెనక హారన్ మోగింది. అతను పక్కకి జరిగాడు గాని తల తిప్పలేదు. మెడ బిగబట్టి నడుస్తున్నాడు. అలా నడవడం ఎంత కష్టమో ఆమెకి తెలుసు.

"పోల్చాడు," అంది దుర్గ.

"సూళ్లేదంటుంటే..."

"అందుకే అత్తా. పోల్చాడు కాబట్టే చూడట్లేదు."

దుర్గ మొగుడి వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు, స్వామిని తీసుకెళ్లారని?"

"దుర్గా, నేను..."

"ఎప్పట్నుంచి?"

"మంగళవారం. నా కళ్ల ముందే బండెక్కించారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వెళ్తావని." సాయిబాబు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వెళ్తే ఏమవుద్దో తెలుసా? ముందడిగేది నీ వీసా. నీది అయ్యాక నాది. తర్వాత పిన్నిది. ఇరవై రెండేళ్ల నుంచి ఉందిక్కడ. అతను ఏ తప్పూ చెయ్యలేదు. వాళ్లే తెలుసుకుంటారు. ఇవాళ కాకపోతే రేపు వదిలేస్తారు."

"నేనేం తప్పు చేశాను?"

"ఏం చెయ్యలేదు!"

"మరి ఏ తప్పూ చెయ్యనివాళ్లని వదిలేస్తారు కదా. నన్నూ వదిలేస్తారు."

సాయిబాబు ఆమె చెయ్యి వదల్లేదు.

"నీ కోసం దాచానే."

"నీ కోసమే తీశాను బావా నేను కూడా. చూడు, నీ మీంచి తీసిందే నీ చేతి టీ తాగినోడికి తగిలింది."

"దిష్టే లేదంటుంటే," అంది బుల్లెమ్మ ఏడుపు గొంతుతో. "ఘాటొచ్చిందన్నాడు కదే. ఏమీ లేదందులో. ఉప్పు, మిరపకాయలు!"

"అవును. అదే ఎవరో ఒకళ్లు వాళ్లకి చెప్పాలి."

దుర్గ చెయ్యి విడిపించుకుంది. వంటింట్లోకి వెళ్లి బకెట్లోంచి తువ్వాళ్లు తీసి పక్కన పెట్టింది. ఉండచుట్టిన చున్నీ విప్పింది. తడిసి రంగు చిక్కబడింది. సగం దాకా కోసిన చీలిక ఒక పక్కకి వేలాడుతోంది. తల మీద కప్పుకుంది. ప్లగ్గులోంచి తెల్లటి డబ్బీ పీకి గుప్పిట్లో పెట్టుకుంది.

"దుర్గా!" అన్నాడు సాయిబాబు.

ఆమె మెట్లు దిగింది. మొదటి మలుపు దగ్గరే వెనక అడుగులు మొదలయ్యాయి. మంగళవారం నుంచీ వస్తున్న అడుగులే. ఆమె ఆగితే ఆగుతున్నాయి. దిగితే దిగుతున్నాయి. రెండో అంతస్తు. మొదటి అంతస్తు. మెడ వెనక చల్లగా తడి చున్నీ.

ఎండలోకి వచ్చేసరికి గంగన్న సందు చివరి దాకా వెళ్లిపోయాడు.

"అన్నా!"

గంగన్న ఆగాడు. తిరగలేదు. ఆమె పరిగెత్తి నాలుగడుగుల దూరంలో నిలబడింది. అతని చొక్కా వీపు చెమటకి అంటుకుపోయి ఉంది.

"నువ్వెవలో నాకు తెల్వది బిడ్డా," అన్నాడు ముందుకే చూస్తూ. "మీ ఇంట్ల బువ్వ తిన్న. గంతే ఎరుక. ఇప్పుడు తిరిగి జూసిననుకో, రేపు వాళ్లు అడిగితె జూడలేదని జెప్పరాదు నాకు. అబద్దం నాకు అచ్చిరాదు. ఇంట్లకు వో."

"మీ చిన్నవ్వ మళ్లీ ఫోన్ చేస్తే ఏం చెప్తావన్నా?"

అతను కండువా కొసతో కళ్లు తుడుచుకున్నట్టున్నాడు. వెనకనుంచి సరిగ్గా తెలియలేదు.

దుర్గ వీపు వెనక అడుగులు దగ్గరికి వచ్చి ఆగాయి. ఎవరిదో రొప్పు వినపడుతోంది.

నాలుగు రోజులుగా చేయని పని చేసింది. గోడ కోసం చూడలేదు. పక్కకి జరగలేదు. ఉన్నచోటే నిలబడి వెనక్కి తిరిగింది.

సాయిబాబు. చెప్పుల్లేకుండా మండే రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. కట్టు సగం ఊడి చేతికి వేలాడుతోంది. రమ్మనలేదు. వెళ్లమనలేదు. మూడో అంతస్తు కిటికీలో బుల్లెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వాళ్లు తప్ప వెనక ఇంకెవరూ లేరు.

దుర్గ మళ్లీ ముందుకు తిరిగింది. తడి చున్నీని తల మీద సరిచేసుకుని, మొహం కనపడేలా వెనక్కి జరిపింది.

"తిరుగన్నా," అంది. "చూడు."

మిట్టమధ్యాహ్నపు ఎండ. గంగన్న నీడ పొట్టిగా అతని కాళ్ల దగ్గరే ఉంది. ఆ నీడ కదిలింది.